పద్నాలుగు సున్నాలు

బ్రైడీ హాలరన్ చేతులు మంచివి కావని ఆ ప్రయోగశాల అంతస్తులో అందరికీ తెలుసు. ఎవరూ మొహం మీద అనలేదు. బ్రిస్బేన్‌లో మనుషులు మర్యాదస్తులు, అనుకోవలసింది వెనకాల అనుకుంటారు, ఎదుటపడితే టీ కప్పు అందిస్తారు. ఆ పేరు రావడానికి కారణం లేకపోలేదు. చేరిన మొదటి నెలలోనే ఒక ఖరీదైన స్ఫటికం బిళ్ళని ఉక్కు పట్టకారుతో తీయబోయి ఈ మూల నుంచి ఆ మూలకి గీకేసింది. బిళ్ళ అంటే పెద్దదేం కాదు, చిటికెనవేలి గోరంత. పట్టకారు కూడా కనుబొమలు పీక్కునే దానిలాంటిదే, మొనలు ఇంకా సన్నం. కానీ ఆ బిళ్ళ ఆంగస్ ట్రెలోర్‌ది. ఆంగస్ ఆ ప్రయోగశాలకి పెద్దకొడుకులాంటి వాడు.

ఆ సిగ్గుతో మర్నాడే బ్రైడీ మందుల షాపుకి పోయి మెత్తటి ప్లాస్టిక్ పట్టకారు కొనుక్కుంది. ఇక ఉక్కుదాన్ని ముట్టలేదు. ఆంగస్ దానికి బల్లిపుల్ల అని పేరు పెట్టాడు, పెంపుడు బల్లులకి పురుగులు తినిపించే పుల్లలా ఉందని. రెండేళ్ళు ఆ ఎకసెక్కాన్ని నవ్వుతూనే భరించింది. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని ఆమె భయం.

అక్కడ చేసే పని చెప్పడానికి తేలిక, చేయడానికే తల ప్రాణం తోకకొస్తుంది. రెండు ఆక్సైడులున్నాయి. రెంటిలో దేన్నీ అయస్కాంతం లాగదు. ఒకదాని బిళ్ళ తీసుకుని, రెండోదాన్ని లేజరుతో కొట్టి ఆవిరి చేసి, నాలుగైదు అణువుల మందాన దాని మీద పొరగా పరిస్తే, ఆ రెండూ కలిసే చోట, అక్కడ మాత్రమే, అయస్కాంత గుణం పుడుతుందని మూడేళ్ళ కిందట ఆంగస్ చూపించాడు. పొర మందం పెంచినా ఆ బలం పెరగలేదు, తగ్గించినా తగ్గలేదు. అంటే అది పొర ఒంట్లో లేదు, కలిసే గీత దగ్గరే కాపురం ఉందని పేపరు రాశారు. చదివినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ప్రొఫెసర్ రోజ్‌మేరీ డన్‌స్టన్ పేరు ఊరూరా వినిపించింది. ఆవిడని చిన్నా పెద్దా అందరూ రో అనే పిలుస్తారు. ఆ వేడిలోనే బ్రైడీని పీహెచ్‌డీకి తీసుకుంది. ఆంగస్ పుట్టించిన అయస్కాంతాన్ని ఇంకా బలంగా చేయడం బ్రైడీ వంతు.

బలంగా చేయడం మాట దేవుడెరుగు, అసలు పుట్టించడమే ఆ పిల్ల వల్ల కాలేదు. రెండేళ్ళలో పదమూడు పొరలు పరిచింది. అణువు అణువూ లెక్కపెట్టి, అద్దంలా నున్నగా, ఎక్స్‌రే తీస్తే ఆంగస్ పొరలకన్నా శుభ్రంగా పరిచింది. కొలిస్తే మాత్రం పదమూడూ సున్నాయే.

అక్టోబరులో, జకరండా పూలు రాలి మెట్లన్నీ ఊదారంగు బురద అయ్యే రోజుల్లో, రో ఆమెని కాఫీకి పిలిచింది. రో కాఫీకి పిలిచిందంటే ఏదో మింగుడుపడని మాటే ఉంటుంది. మామూలు మాటలు ఆవిడ నడవాలో నిలబడే చెప్పేస్తుంది.

"పదకొండు రోజుల్లో నీ సమీక్ష ఉంది," అంది రో. "బయటినుంచి వచ్చే ఆయన ఫలితం ఏదని అడుగుతాడు. ఏం చూపిస్తాం?"

"ఇంకొక్క పొర చేస్తాను రో. పద్నాలుగోది."

"చెయ్యి, వద్దనను. కానీ ఇది కూడా దగ్గర పెట్టుకో." ఆవిడ ఒక కాగితం బల్లమీద ఇటు జరిపింది. పీహెచ్‌డీ వదిలి మాస్టర్స్‌కి మారతానని రాసిచ్చే ఫారం అది. "తప్పుగా అనుకోకు. అందరి చేతులూ ఒకలా ఉండవు. నువ్వు తెలివైనదానివి, చేతి పని లేని చోట బాగా రాణిస్తావు."

బ్రైడీ ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ సాయంత్రం నది మీద ఫెర్రీలో ఇంటికి పోతూ సంతకం కూడా పెట్టేసింది. తారీకు ఒక్కటే వేయలేదు.

పద్నాలుగో పొర సోమవారం పూర్తయింది. మంగళవారం కొలిచారు. సున్నా.

కొలిచే యంత్రం వారిక్ గదిలో ఉంటుంది. వారిక్‌కి అరవై మూడేళ్ళు. చలికాలమైనా నిక్కరూ, మోకాళ్ళదాకా మేజోళ్ళూ. ద్రవ హీలియంలో మునిగి ఉండే ఆ యంత్రంలోకి బిళ్ళని దించేందుకు ఇంతవరకు ప్రపంచంలో ఎవరూ కూల్‌డ్రింకు తాగే ప్లాస్టిక్ స్ట్రాని మించింది కనిపెట్టలేదని వారిక్ నమ్మకం. బిళ్ళని స్ట్రాలో ఇరికించి, స్ట్రాని కడ్డీకి తగిలించి దించుతాడు. ప్రభుత్వం ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించిన ఏడాది మూతపడుతున్న ఒక ఐస్‌క్రీమ్ కొట్టునుంచి నాలుగు పెట్టెలు కొని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆ తాళంచెవి భార్యకి కూడా ఇవ్వడని అందరూ ఆటపట్టిస్తారు.

"నిన్న స్ట్రా కొంచెం జారినట్టుంది అమ్మాయ్," అన్నాడు బుధవారం పొద్దున. "అంకె నమ్మలేను. ఇంకోసారి దించుదామా?"

బ్రైడీకి ఆశ లేదు. సరే అంది. పాత స్ట్రాలోంచి కొత్తదానిలోకి మార్చబోతే బిళ్ళ జారి బల్ల వెనక సందులో పడింది. వారిక్ గొణుక్కుంటూ వంగి, చేతికందిన పట్టకారుతో పైకి తీశాడు. అది కింద జారిపోకుండా రెండుమూడుసార్లు పట్టు మార్చుకున్నాడు. తీసి, ఊది, స్ట్రాలో ఇరికించి దించాడు.

ముప్పావుగంట తర్వాత తెర మీద గీత అడ్డంగా పడుకోలేదు. పైకి లేచి, వంపు తిరిగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆంగస్ పేపరులో ఉన్న వంపే, అచ్చంగా.

వారిక్ తలుపు తీసి నడవాలోకి ఒక్క కేక వేశాడు. రో పరుగున వచ్చి తెర చూసి బ్రైడీని కావలించుకుంది. ఆంగస్ తలుపు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. కొట్టడంలో కుళ్ళు లేదు, వాడికి నిజంగానే సంతోషం.

"మొత్తానికి నీ బల్లిపుల్ల పనికొచ్చిందే," అన్నాడు.

అందరూ నవ్వారు. బ్రైడీ కూడా నవ్వింది. నవ్వుతుండగానే ఒక మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఈసారి బిళ్ళని ముట్టింది బల్లిపుల్ల కాదు. బల్లమీద ఇంకా అలాగే పడి ఉన్న పట్టకారు ఆంగస్‌ది, ఉక్కుది.

ఆ పూటంతా ఆ ముల్లుని తోసేయాలనే చూసింది. ఎందుకు తోసేయదు? నిన్నటిదాకా పనికిమాలినది అనిపించుకున్న మనిషి ఇవాళ నలుగురి మధ్యా నిలబడి అభినందనలు అందుకుంది. రో అయితే ఫారం సంగతి మర్చిపొమ్మంది. ఫెర్రీ దిగి వేడివేడి చిప్స్ కొనుక్కుని రేవు దగ్గర కూర్చుంది. నాలుగు తిని మిగతావి పొట్లం కట్టేసింది. అదే బిళ్ళ మంగళవారం సున్నా ఎందుకయింది, బుధవారం ఎందుకు కాలేదు? స్ట్రా జారిందన్నది సాకు. స్ట్రా జారితే అంకె తగ్గుతుంది, మొత్తం మాయం కాదు. ఆ సంగతి వారిక్‌కీ తెలుసు, తనకీ తెలుసు.

గురువారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, వారిక్ గదికి వెళ్ళింది.

"నాకో సాయం చెయ్యాలి. ఎవరికీ చెప్పకూడదు."

"హీలియం ఎక్కువ ఖర్చయ్యే సాయమా?"

"మూడుసార్లు దించాలి. పొర వేయని ఉత్త బిళ్ళ."

వారిక్ ఆమె మొహం చూసి ఇంకేం అడగకుండా బీరువా తాళం తీశాడు.

మొదట కొత్త ప్యాకెట్టులోంచి ఉత్త బిళ్ళని తన ప్లాస్టిక్ పట్టకారుతో తీసి దించారు. సున్నా. తర్వాత అదే బిళ్ళని ఆంగస్ ఉక్కు పట్టకారుతో అంచులు పట్టి పదిసార్లు ఎత్తి దింపింది. మళ్ళీ కొలిచారు. గీత వంపు తిరిగింది. పొర లేదు, కలిసే చోటు లేదు, ఏమీ లేదు, ఊరికే ఒక గాజుముక్కలాంటి బిళ్ళ, దానికి అయస్కాంత గుణం. మూడోసారి బిళ్ళ అంచుల్ని నీళ్ళు కలిపిన యాసిడ్‌తో తుడిచి దించారు. సున్నా.

వారిక్ కళ్ళజోడు తీసి నిక్కరుకి తుడుచుకున్నాడు. "ఇనుం," అన్నాడు. "పట్టకారు మొనల్నుంచి రాలిన ఇనుం. కంటికి కూడా ఆననంత."

"ఆ కాస్తే చాలు. ఈ యంత్రానికి అంతకన్నా అక్కర్లేదు."

అప్పుడు వారిక్ గొంతు తగ్గించి అన్నాడు. "చూడమ్మాయ్, నేను స్ట్రాలు మార్చేవాణ్ణి. నాకేం తెలీదు. నీ సమీక్ష వచ్చే వారం. నీ దగ్గర పద్నాలుగో పొరా ఉంది, దాని గీతా ఉంది. ఎవరైనా అడిగేదాకా నేనైతే నోరు విప్పను."

అతను చెడ్డవాడై అనలేదు. ఆ పిల్ల రెండేళ్ళుగా ఆ గదినుంచి తల వంచుకుని వెళ్ళడం చూసినవాడు కాబట్టి అన్నాడు. బ్రైడీకీ ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఉక్కు పట్టకారుతో కాస్త నొక్కితే పీహెచ్‌డీ. ఇంకాస్త నొక్కితే పేపరు. మిగతా పదమూడింటినీ తలా నాలుగుసార్లు ఉక్కుతో పట్టుకుంటే చాలు, ఈ అంతస్తులో తన చేతులంత మంచి చేతులు ఇంకెవరికీ ఉండవు. తలుచుకుంటే నవ్వొచ్చింది. కానీ అప్పుడింక బతుకంతా లేని అయస్కాంతాన్ని బలంగా చేస్తూ కూర్చోవాలి.

నేరుగా ఆంగస్ దగ్గరికి వెళ్ళింది. వాడు వచ్చే నెల ఒక పర్మినెంటు ఉద్యోగం ఇంటర్వ్యూకి స్లైడ్లు సర్దుకుంటున్నాడు. మొదటి స్లైడ్ మీద ఆ వంపు గీతే ఉంది. బ్రైడీ మూడు గీతలూ అచ్చువేసిన కాగితమూ, ఆ ఉక్కు పట్టకారూ కీబోర్డు మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆంగస్ మొహం కందగడ్డయింది. "ఇది అయస్కాంతానికి అంటని ఉక్కు బ్రైడీ. కొన్న డబ్బా మీదే రాసుంది. నన్ను మరీ అంత తెలివితక్కువవాణ్ణనుకున్నావా?" అని లేచి, ఫ్రిజ్ మీదున్న బొమ్మ అయస్కాంతం ఒకటి పీక్కొచ్చి పట్టకారుకి ఆనించాడు. అంటుకోలేదు, జారి కింద పడింది. "చూశావా?"

"ఫ్రిజ్ మీది బొమ్మకి అంత చూపు లేదు. వారిక్ యంత్రానికుంది."

"ఉత్త బిళ్ళ కూడా కొలిచాను నేను. ఒకటి కాదు, ఆరు. అన్నీ సున్నా. పేపర్లో ఉంది, చదువు."

"చదివాను. ఉత్త బిళ్ళని ప్యాకెట్లోంచి తీసి నేరుగా స్ట్రాలో పెట్టావు. ఒక్కసారి పట్టుకున్నావు. పొర వేసినదాన్ని ఎన్నిసార్లు పట్టుకుంటాం?"

ఆంగస్ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. వేడిపలక మీదికి. పలక మీంచి పెట్టెలోకి. పెట్టెలోంచి ఎక్స్‌రేకి. అక్కడినుంచి మళ్ళీ పెట్టెలోకి. అంచు సాపు చేయడానికి. స్ట్రాలోకి. మందం పెరిగినా తగ్గినా లెక్క ఒకటే. పొర పలచనైనంత మాత్రాన ఎవరూ దాన్ని తక్కువసార్లు పట్టుకోరు. పేపరులో అన్నిటికన్నా గట్టి రుజువని అందరూ మెచ్చుకున్నది సరిగ్గా అదే.

వాడు కుర్చీ వెనక్కి తోసి బయటికి వెళ్ళిపోయాడు. బ్రైడీ అక్కడే నిలబడింది. తప్పు చేసింది వాడైనా తప్పు చేసినట్టనిపించింది ఆమెకే. ఒక మనిషి మూడేళ్ళ పేరుని పొద్దున్నే టీ కూడా తాగకుండా కూల్చేసి వచ్చింది మరి.

గంట తర్వాత వారిక్ గదిలో నలుగురూ చేరారు. ఆంగస్ ఎక్కడ తిరిగొచ్చాడో, బూట్లకి జకరండా పూలు అంటుకుని ఉన్నాయి. చేతిలో తన మొట్టమొదటి పొర ఉన్న పెట్టె. పేపరులో ఉన్నది అదే. దాన్ని మూడేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రో చేతులు కట్టుకుని గోడకానుకుని నిలబడింది. బ్రైడీ చెప్పిందంతా వింది.

"నువ్వే తుడువు," అన్నాడు ఆంగస్, పెట్టె బ్రైడీకి ఇస్తూ. "నేను చేస్తే మళ్ళీ ఏదో ఒకటి పూస్తాను."

బ్రైడీ దాన్ని ప్లాస్టిక్ పట్టకారుతో పట్టుకుని, దూదిపుల్లతో నాలుగంచులూ యాసిడ్ పెట్టి తుడిచి, కడిగి, ఆరబెట్టింది. వారిక్ దించాడు. ముప్పావుగంట ఎవరూ గది విడిచి వెళ్ళలేదు. బయట మధ్యాహ్నపు ఉరుములు మొదలయ్యాయి, వాన కొట్టి వెలిసింది. తెర మీద చుక్క తర్వాత చుక్క పడుతూ వచ్చింది. అడ్డంగా, తిన్నగా, ఎక్కడా తల ఎత్తకుండా.

మూడేళ్ళ కిందటి అద్భుతం దూదిపుల్లకి అంటుకుని చెత్తబుట్టలో ఉంది.

ఆంగస్ నేల మీద చతికిలపడ్డాడు. అరుస్తాడనుకుంది బ్రైడీ, లేదా ఏడుస్తాడనుకుంది. వాడు రెండు చేతులతో మొహం రుద్దుకుని, పెద్ద నిట్టూర్పు విడిచి, నవ్వాడు. అలసిపోయిన నవ్వు.

"మీకెవరికీ చెప్పలేదు," అన్నాడు. "ఏ రెండు పొరలకీ అంకె కలవదు. ఒకటే రోజు, ఒకటే మందం, ఒకదానికి నాలుగింతలు వచ్చేది. సగటు వేసి పేపర్లో పెట్టాను. మూడేళ్ళుగా ప్రతి వారం ఎవరో ఒకరు మెయిల్ రాస్తారు, మాకు రావట్లేదు, ఎలా చేశావని. ఏం చెప్పను? నా చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను. ఎప్పుడో ఒకరోజు ఎవరో పట్టుకుంటారని నిద్ర పట్టేది కాదు."

బ్రైడీ కూడా వాడి పక్కన నేల మీద కూర్చుంది. రెండేళ్ళు వీడు తన చేతుల్ని వెక్కిరించాడు. ఇన్నాళ్ళూ వాడు లోపల లోపల తిట్టుకున్నది సొంత చేతుల్నేనన్నమాట. కోపం రావలసిన చోట జాలి వచ్చింది. ఆ వెనకే ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది.

"పట్టుకున్నారుగా," అంది. "ఇంక పడుకో."

వారిక్ ఫక్కున నవ్వాడు. ఆంగస్ కూడా నవ్వి, "ఇంటర్వ్యూలో ఇదే చెప్తాను. ఉద్యోగం ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు," అన్నాడు. వాడి భుజాలు ఇంత కిందికి దిగి ఉండగలవని ఆ గదిలో ఎవరికీ ఇదివరకు తెలియదు.

రో గోడ దగ్గర్నుంచి కదిలింది. మొహం ఎర్రగా ఉంది గానీ గొంతు మామూలుగానే ఉంది. "పత్రికకి ఇవాళే రాస్తాను, పేపరు వెనక్కి తీసుకుంటున్నామని. దాని బదులు సరైనది ఒకటి వెయ్యాలి. అందుకు ఉక్కు తగలని పొరలు కావాలి. ఎన్ని నెలలు పడుతుందో." మాట సగంలో ఆగి బ్రైడీ వైపు తిరిగింది. "నీ పదమూడూ పారేశావా?"

"లేదు రో. అన్నీ ఉన్నాయి. ఏ పొర ఏ రోజు ఎన్ని డిగ్రీల్లో పరిచానో రాసి ఒక్కోటీ విడిగా పెట్టాను."

"దేన్నీ ఉక్కుతో ముట్టలేదు?"

"ఒక్కదాన్నీ లేదు. పద్నాలుగోది నిన్న వారిక్ ముట్టాడు. అంచులు తుడిస్తే అదీ సున్నాయే అవుతుంది."

"పద్నాలుగు సున్నాలు," అని రో మెల్లగా తనలో తనే అనుకుంది. ప్రపంచంలో పది ప్రయోగశాలలు అదే పొరని పరుస్తూ తమ చేతుల్ని తాము తిట్టుకుంటున్నాయి. వాళ్ళందరికీ చూపించడానికి, ఉక్కు తగలలేదని తేల్చి చెప్పగల ఒక్క శుభ్రమైన సాక్ష్యం కావాలంటే ఈ భూమ్మీద అది ఈ పిల్ల అరలో తప్ప ఇంకెక్కడా లేదు. "సమీక్షకి వచ్చే ఆయనకి అవే చూపిస్తాం. పేపరు మీద మొదటి పేరు నీది."

బ్రైడీ తలూపింది.

"నేనిచ్చిన ఫారం ఎక్కడుంది?"

"బ్యాగులో. సంతకం పెట్టేశాను."

"ఇటివ్వు."

బ్రైడీ తీసిచ్చింది. రో దాని మడత విప్పి ఆ సంతకం చూసింది, చాలాసేపు చూసింది. చింపలేదు. మళ్ళీ మడిచి తన జేబులో పెట్టుకుంది.

"ఇది నా దగ్గరే ఉంటుంది," అంది. "ఇంకోసారి ఎవరి చేతుల గురించైనా నోరు జారబోయే ముందు ఒకసారి తీసి చూసుకుంటాను. నన్ను క్షమించు బ్రైడీ."

ఆ మాట కోసం రెండేళ్ళుగా ఎదురుచూసిందని బ్రైడీకి అది విన్నాకే తెలిసింది. ఏదో గొప్పగా జవాబు చెప్పాలనుకుంది గానీ, "పర్లేదు రో," అంది. కళ్ళు తుడుచుకుని ఊపిరి నిండుగా పీల్చుకుంది. నిన్నటినుంచీ ఆ నాలుగు చిప్స్ తప్ప ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. విపరీతంగా ఆకలేసింది.